ఇద్దరు సాక్షులు, ఒక గాలి తలుపు

సాయంకాలపు ఎండ పల్చబడుతున్న వేళ. అమెరికాలోని ఒక విశాలమైన రహదారి మీద ఎర్రని కార్వెట్ కారు గంటకు 60 మైళ్ళ వేగంతో సాగిపోతున్నది. ముందు ఒక పొడవాటి సరుకుల లారీ అడ్డుగా ఉన్నది. దానిని దాటిపోవాలని కారు నడిపే వ్యక్తి ప్రక్క వరుసలోకి మళ్ళి, యాక్సిలరేటర్ పెడల్‌ను బలంగా నొక్కాడు. 345 అశ్వశక్తి గల ఇంజను గర్జించవలసిన క్షణం అది. కాని గర్జన వినిపించలేదు. పెడల్ కాలి క్రింద మెత్తగా దిగిపోయింది. ఇంజను మాత్రం కాడి క్రింద పడుకున్న ఎద్దువలె మొరాయించింది. వేగం 50కి, తరువాత 40కి పడిపోయింది. వెనుక వస్తున్న వాహనం ఆగకుండా హారన్ మ్రోగిస్తున్నది. కళ్ళ ముందున్న పలక మీద మూడు మాటలు వెలిగాయి: ‘రెడ్యూస్డ్ ఇంజిన్ పవర్’. ఇంజను శక్తి తగ్గించబడింది అని దాని అర్థం.

అతడు ఎలాగో కారును రోడ్డు ప్రక్కకు చేర్చి ఇంజను ఆపివేశాడు. చేతుల వణుకు తగ్గేవరకు కూర్చొని, తిరిగి తాళంచెవి త్రిప్పాడు. కారు ఏమీ ఎరగనట్లు పలికింది. హెచ్చరిక మాయమైంది. పెడల్ నొక్కితే ఇంజను ఎప్పటివలెనే ఉరుముతున్నది.

ఈ కథ ఒక్క మనిషిది కాదు. కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ కర్మాగారంలో తయారై, 1997 నుండి 2004 వరకు వెలువడిన అయిదవ తరం కార్వెట్ కార్లు ఇంకా నడుస్తున్న చోటల్లా కొద్ది మార్పులతో వినిపించే కథే ఇది. తరువాతి భాగం కూడా సాధారణంగా ఒకే విధంగా ఉంటుంది. యజమాని కారును ఒక గ్యారేజీకి తీసుకువెళతాడు. అక్కడివారు స్కానర్ తగిలించి, అందులో కనిపించిన సంఖ్యను చూచి, ‘థ్రాటిల్ సెన్సర్ పోయింది’ అంటారు. ఆ కారులో సెన్సర్లు థ్రాటిల్‌తో కలిసే ఉంటాయి కనుక మొత్తం థ్రాటిల్‌నే మారుస్తారు. రెండు వారాలు కారు హాయిగా నడుస్తుంది. మూడవ వారంలో మళ్ళీ అదే హెచ్చరిక. ఈసారి పెడల్‌ను మారుస్తారు. ఒక వాన కురిసి వెలసిన మరునాడు మళ్ళీ అదే.

అప్పటికి యజమాని జేబుతో పాటు నమ్మకం కూడా ఖాళీ అవుతుంది. భార్యను, పిల్లలను ఆ కారులో ఎక్కించుకోవడం మానివేస్తాడు. లారీ వెనుక చేరితే దాటే సాహసం చేయడు. అమ్మివేద్దామా అనుకుంటాడు. కాని కొన్నవాడు కూడా ఒకనాడు ఒక లారీని దాటబోతాడు గదా! ఆ ఆలోచన అతనిని నిద్రపోనివ్వదు.

ఈ చిక్కు విడిపోవాలంటే ముందుగా ఆ కారులో పెడల్‌కు, ఇంజనుకు మధ్య ఏమి ఉన్నదో తెలుసుకోవాలి.

పెట్రోలు ఇంజను బలం అది పీల్చుకునే గాలిని బట్టి ఉంటుంది. గాలి ఎంత లోపలికి పోతే దానికి తగినంత పెట్రోలు చిమ్మబడుతుంది. ఆ గాలి దారిలో నాణెంవలె గుండ్రని పలక ఒకటి ఇరుసు మీద తిరుగుతూ ఉంటుంది. అదే థ్రాటిల్. దానిని గాలి తలుపు అనవచ్చును. పాత కార్లలో డ్రైవరు పెడల్ నొక్కితే ఒక ఉక్కు తీగ లాగబడి ఆ తలుపు తెరుచుకునేది. కాలికి, తలుపుకు మధ్య ఆ తీగ తప్ప మరొకటి లేదు. తీగ తెగితే తెలిసేది, పట్టివేస్తే తెలిసేది.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ వచ్చి ఆ తీగను తొలగించింది. 1987లో వెలువడిన బి.ఎం.డబ్ల్యు. వారి పన్నెండు సిలిండర్ల 750 నమూనాలో ఈ పద్ధతి కనిపించింది. పది సంవత్సరాల తరువాత, 1997లో, కార్వెట్ కూడా ఆ బాట పట్టింది. ఇందులో పెడల్ నొక్కడమంటే తలుపును తెరవడం కాదు. ‘తెరవవలసింది’ అని విన్నపం చేసుకోవడం మాత్రమే. ఆ విన్నపాన్ని ఒక కంప్యూటర్ విని, ఆలోచించి, చిన్న విద్యుత్ మోటారు ద్వారా తలుపును త్రిప్పుతుంది. తడిసిన రోడ్డుమీద చక్రాలు జారుతుంటే, డ్రైవరు ఎంత నొక్కినా తలుపును కొంత మూసి ఉంచగలుగుతుంది. రహదారి మీద ఒకే వేగాన్ని నిలపడం, నిలిచి ఉన్నప్పుడు ఇంజనును ఆరిపోకుండా చూడడం, పొగలోని విషవాయువులను తగ్గించడం, ఇన్నింటినీ ఒకే మోటారు సాధిస్తుంది.

అయితే కంప్యూటరుకు కళ్ళు లేవు. డ్రైవరు పెడల్‌ను ఎంత నొక్కాడో, తలుపు నిజంగా ఎంత తెరుచుకున్నదో దానికి ఎవరైనా చెప్పాలి. ఆ చెప్పే పరికరాలే సెన్సర్లు.

ఆ కాలపు కార్లలో ఈ సెన్సర్ల నిర్మాణం పాత రేడియోలో ధ్వని పెంచే మీటను పోలి ఉంటుంది. విద్యుత్తును కొంతవరకు నిరోధించే పూత పూసిన ఒక బాట, దాని మీద జారే ఒక లోహపు నాలుక. బాటకు ఒక కొసన 5 వోల్టుల విద్యుత్తు అందుతుంది. రెండవ కొస ఎర్త్‌కు కలిసి ఉంటుంది. నాలుక ఏ చోట ఉన్నదో దానిని బట్టి ఒక వోల్టేజి బయటికి వస్తుంది. కంప్యూటరుకు తెలిసిన భాష ఆ వోల్టేజి ఒక్కటే.

ఇక్కడనే ఇంజనీర్లకు ఒక భయం కలిగింది. సెన్సర్ అబద్ధం చెబితే? తలుపు మూసి ఉండగా తెరిచి ఉన్నదని, పెడల్ మీద కాలు లేకపోగా ఉన్నదని చెబితే? కారు తనంతట తాను దూకవచ్చును. అందుచేత ఒక్క సాక్షి మాట నమ్మరాదని నిశ్చయించారు. కార్వెట్ థ్రాటిల్ వద్ద రెండు సెన్సర్లు, పెడల్ వద్ద మూడు సెన్సర్లు అమర్చారు. అంతేకాదు, సాక్షులు ఒకరి మాట ఒకరు వల్లించకుండా జాగ్రత్తపడ్డారు. తలుపు తెరుచుకునే కొద్దీ ఒక సెన్సర్ వోల్టేజి పెరుగుతూ పోతే, రెండవ దాని వోల్టేజి తగ్గుతూ వస్తుంది. ఉదాహరణకు మొదటిది అర వోల్టు చూపినప్పుడు రెండవది నాలుగున్నర చూపాలి. మొదటిది రెండు చూపితే రెండవది మూడు చూపాలి. ఎప్పుడు కూడినా మొత్తం అయిదు రావాలి. రెండు తీగలు ఒకదానికొకటి తగిలి ఒకే వోల్టేజిని చూపితే, ఆ మోసం వెంటనే బయటపడుతుంది.

మరి ఇద్దరు సాక్షుల మాటలు పొసగనప్పుడు కంప్యూటర్ ఏమి చేయాలి? ముగ్గురు ఉంటే ఇద్దరి మాట పట్టుకొని మూడవవానిని ప్రక్కకు నెట్టవచ్చును. ఇద్దరే ఉంటే ఎవరు సత్యవంతుడో తేల్చే మార్గమే లేదు. కనుక అది ఇద్దరినీ నమ్మదు. మోటారును పక్కన పెట్టి, ఇంజను బలాన్ని తగ్గించివేస్తుంది. అప్పుడు ఒక స్ప్రింగు తలుపును కొద్దిపాటి సందు ఉండేటట్లు నిలుపుతుంది. కారు ప్రాకుతూ రోడ్డు ప్రక్కకు చేరడానికి ఆ సందులోనుండి పోయే గాలి చాలును. రహదారి నడుమ డ్రైవరుకు శత్రువులా తోచిన ఆ మూడు మాటలు నిజానికి అతని ప్రాణరక్షణకు వ్రాయబడినవి. తనంతట దూకే కారు కంటె మొరాయించే కారు మేలు.

ఇది అతిజాగ్రత్త అని తోచవచ్చును. కాని 2009, 2010 సంవత్సరాలలో అమెరికాలో టయోటా కార్లు వాటంతటవే వేగం పుంజుకుంటున్నాయన్న ఫిర్యాదులు వెల్లువెత్తినప్పుడు, అంతరిక్ష పరిశోధన చేసే నాసా సంస్థ ఇంజనీర్లను ప్రభుత్వం ఈ పనికి నియమించింది. 2011 ఫిబ్రవరిలో వెలువడిన నివేదిక సారాంశం ఇది: థ్రాటిల్‌ను ప్రమాదకరంగా తెరిచివేయగల ఎలక్ట్రానిక్ లోపం వారికి దొరకలేదు. అతుక్కుపోయే పెడల్, పెడల్‌ను పట్టివేసే నేలపట్టా, ఈ రెండూ యాంత్రికమైన కారణాలుగా గుర్తించబడ్డాయి. అయితే చెడిపోయిన ఒక పెడల్ సెన్సర్‌ను విప్పినప్పుడు వారికి ఒక వింత కనిపించింది. తగరపు పూతలోనుండి వెంట్రుక కంటె సన్నని తంతువులు మీసాలవలె మొలిచి, అందులో ఒకటి రెండు సెన్సర్ల సంకేతాలను కలిపివేసింది. ఇద్దరు సాక్షులూ ఏకం కావడమంటే ఇదే. ఇంతటి సూక్ష్మమైన తంతువు కూడా కథ మార్చగలదు కనుకనే కంప్యూటర్ అంత కఠినంగా ఉంటుంది.

ఇప్పుడు మన యజమాని సమస్యకు వద్దాము.

1996 నమూనాల నుండి అమెరికాలో అమ్మే ప్రతి కారులోను లోపాలను నమోదు చేసే ఒక ఏకరీతి పద్ధతి తప్పనిసరి అయింది. లోపం కనిపించగానే కంప్యూటర్ ఒక అక్షరాన్ని, నాలుగు అంకెలను జ్ఞాపకంలో వ్రాసుకుంటుంది. కార్వెట్‌లో పి 1120 అంటే మొదటి థ్రాటిల్ సెన్సర్ వలయంలో లోపం. పి 1220 అంటే రెండవ దాని వలయంలో లోపం. పి 1221 అంటే రెండింటికీ పొత్తు కుదరలేదని అర్థం. తరువాతి కాలపు కార్లలో ఇదే ఫిర్యాదుకు పి 2135 అనే సంఖ్య వాడుకలోకి వచ్చింది.

ఇందులో గమనించవలసిన మాట ‘వలయం’. సెన్సర్ చెడిపోయిందని ఆ సంఖ్య ఎక్కడా చెప్పదు. సెన్సర్, దానికి 5 వోల్టులు తెచ్చే తీగ, ఎర్త్ తీగ, సంకేతాన్ని మోసుకుపోయే తీగ, నడుమ ఉన్న కనెక్టర్లు, వాటి పిన్నులు, చివరకు కంప్యూటర్ పెట్టె, ఇదంతా కలిస్తే వలయం. సంఖ్య అనేది ఫిర్యాదు పత్రం, తీర్పు కాదు. ఫిర్యాదు పత్రంలో ఉన్న పేరును చూచి శిక్ష వేసే న్యాయాధికారి ఎంతటివాడో, సంఖ్యను చూచి భాగాలు మార్చే మెకానిక్ అంతటివాడు. రోగమొకటి, మందొకటి అవుతుంది.

చివరకు ఎవరో చెప్పగా, ఊరి చివర చిన్న షెడ్డులో పనిచేసే ఒక వృద్ధ మెకానిక్ దగ్గరకు ఆ యజమాని వెళ్ళాడనుకుందాము. అటువంటి మనిషి పని తీరు ఎలా ఉంటుందో చూడదగినది.

అతడు మొదట కారు మూత ఎత్తడు, ప్రశ్నలు వేస్తాడు.

“ఎప్పుడు జరుగుతుంది? చల్లని ఇంజనుతోనా, వేడెక్కిన తరువాతనా?”

“అలా చెప్పలేనండీ. కాని వాన పడిన తరువాత ఎక్కువ. గతుకుల రోడ్డు మీద కూడా ఒకసారి జరిగింది.”

“థ్రాటిల్ మార్చిన తరువాత రెండు వారాలు బాగానే నడిచిందన్నారు. అంటే రోగం తగ్గలేదు, పక్కకు ఒత్తిగిలింది. పాత థ్రాటిల్ మీ దగ్గరే ఉన్నదా?”

“ఉన్నది. పారవేయబుద్ధి కాలేదు.”

“మంచిది. రేపు తీసుకురండి.”

రెండవ పని జ్ఞాపకాన్ని చదవడం. ఈ కార్వెట్‌లో అందుకు స్కానర్ కూడా అక్కరలేదు. తాళంచెవి త్రిప్పి, ఎదుటి పలక దగ్గర ‘ఆప్షన్స్’ అన్న మీటను నొక్కిపట్టి, ‘ఫ్యూయల్’ అన్న మీటను నాలుగుసార్లు నొక్కితే, నమోదైన సంఖ్యలు ఒకటొకటిగా పలక మీద కనిపిస్తాయి. సంఖ్య ప్రక్కన ‘సి’ ఉంటే లోపం ఇప్పుడు ఉన్నదని, ‘హెచ్’ ఉంటే గతంలో వచ్చిపోయిందని అర్థం. వృద్ధుడు వాటిని కాగితం మీద వ్రాసుకుంటాడే గాని చెరిపివేయడు. తొందరపడి చెరిపితే, లోపం తలెత్తిన క్షణంలో వేగమెంత, ఇంజను వేడి ఎంత అని కంప్యూటర్ వ్రాసుకున్న వివరాలు కూడా చెరిగిపోవచ్చును. నేరస్థలాన్ని కడిగివేసి ఆ తరువాత నేరస్థుని వెదకడం వంటిది అది.

మూడవ పని కంటితో చూడడం. థ్రాటిల్ పలక అంచున నల్లని మసి పేరుకొని తలుపు పట్టివేస్తుంటే, సెన్సర్లు నిజం చెబుతున్నా కంప్యూటర్ ఆజ్ఞకు, తలుపు నడకకు తేడా వస్తుంది. ఆ మసిని శుభ్రపరిస్తే చాలును. ఆ పని చేసేటప్పుడు తాళంచెవి తీసివేయాలి. మోటారుకు విద్యుత్తు ఉన్నప్పుడు తలుపులో వేలు పెడితే ఆ పలక వేలిని నలిపివేయగలదు.

నాలుగవ పని కొలవడం. చాలామంది తడబడేది ఇక్కడే. మల్టీమీటర్ పెట్టి, 5 వోల్టులు వస్తున్నాయా అని చూచి, వస్తున్నాయి గనుక తీగలు బాగున్నాయని తీర్మానిస్తారు. రెండవ కొసను మరచిపోతారు. విద్యుత్తు వచ్చే దారి ఎంత ముఖ్యమో, పోయే దారి అంత ముఖ్యం. ఎర్త్ తీగలో తుప్పు పట్టి, సున్నా ఉండవలసిన చోట 0.3 వోల్టు నిలిచిందనుకుందాము. రెండు సెన్సర్లకు ఎర్త్ ఉమ్మడిగా ఉన్న కారులో, 0.5 చూపవలసిన సెన్సర్ 0.77 చూపుతుంది, 4.5 చూపవలసినది 4.53 చూపుతుంది. మొత్తం అయిదు కావలసింది 5.3 అవుతుంది. కంప్యూటర్ వెంటనే ‘సాక్షుల మాట కలవలేదు’ అని ఫిర్యాదు వ్రాస్తుంది. సెన్సర్లు మాత్రం రెండూ నిర్దోషులు. పాతవి తీసి కొత్తవి ఎన్ని వేసినా ఇదే సాక్ష్యం చెబుతాయి.

అందుచేత వృద్ధుడు మీటరు ఒక కొసను బ్యాటరీ ఋణ ధ్రువానికి, మరొక కొసను సెన్సర్ ఎర్త్ పిన్నుకు పెట్టి, కనెక్టర్ బిగించి ఉండగానే, విద్యుత్తు ప్రవహిస్తుండగానే కొలుస్తాడు. ఊడదీసిన తీగ మీద కొలిచే కొలత నమ్మదగినది కాదు. తెగడానికి సిద్ధంగా ఉన్న ఒక్క పోగు కూడా బరువు లేనప్పుడు మంచి తీగవలెనే కనిపిస్తుంది. బరువు మోసేటప్పుడే దాని బలహీనత తెలుస్తుంది.

అయిదవ పని కదలిక. తాళంచెవి త్రిప్పి, ఇంజను నడపకుండా, పెడల్‌ను అతి నెమ్మదిగా నొక్కుతూ రెండు సెన్సర్ల వోల్టేజిని ప్రక్కప్రక్కనే చూస్తాడు. నడుమ ఎక్కడైనా గీత తెగినట్లు పడిపోతే సెన్సర్ బాట అరిగి ఉండవచ్చును. కారు ఎక్కువకాలం ఒకే వేగంతో నడుస్తుంది కనుక నాలుక ఎక్కువగా ఒరుసుకునే చోటనే పూత అరుగుతుంది. పాత రేడియో మీటను త్రిప్పితే ఒకానొక చోట గరగరమన్నట్లు, సంకేతం అక్కడ ఒక్క క్షణం తెగుతుంది. అంకెలు చూపే మల్టీమీటర్ ఆ రెప్పపాటును పట్టలేదు. అది సెకనుకు కొద్దిసార్లే చూచి సగటు చెబుతుంది. దానిని పట్టాలంటే సంకేతాన్ని గీతగా గీసి చూపే ఆసిలోస్కోప్ కావాలి. కంప్యూటర్ చూచినదాన్ని మెకానిక్ కూడా చూడగలిగినప్పుడే వారిద్దరికీ ఒకే భాష అవుతుంది.

ఈ కారులో గీత ఎక్కడా తెగలేదు. రెండు సెన్సర్లు మంత్రం చదివినట్లు ఒప్పజెబుతున్నాయి. ఎర్త్ దగ్గర మీటరు వందవ వంతులు మాత్రమే చూపుతున్నది. మరొకరైతే ‘ఏమీ లేదు, తీసుకువెళ్ళండి’ అని పంపేవారు. వచ్చిపోయే లోపాల గుణమే అది. వైద్యుని చూడగానే జ్వరం తగ్గుతుంది.

వృద్ధుడు మీటరును అలాగే ఉంచి, తీగల కట్టను థ్రాటిల్ దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు చొప్పున చేతితో మెల్లగా కదుపుతూ వెళ్ళాడు. యజమాని మీటరు వంక చూస్తున్నాడు. సున్నా, సున్నా, సున్నా. చేయి బ్యాటరీ దగ్గరకు చేరింది. అంకె ఒక్కసారిగా 0.4కి ఎగిరింది. చేయి తీయగానే పడిపోయింది.

“ఇదేనా?” అన్నాడు యజమాని గొంతు తగ్గించి.

“ఇంకా చూడలేదు గదా” అన్నాడు వృద్ధుడు.

ఈ కార్వెట్ నిర్మాణంలో ఒక విశేషం ఉన్నది. బ్యాటరీకి దిగువన ఇంజను కంప్యూటర్, దానికి పోయే తీగల కట్ట ఉంటాయి. బ్యాటరీ పాతబడి ప్రక్కలనుండి ఆమ్లం చెమర్చితే, ఒక్కొక్క బొట్టు ఆ కట్ట మీద పడుతుంది. బయటి తొడుగు చెక్కుచెదరనట్లే కనిపిస్తుంది. లోపల రాగి పచ్చబడి, పొడిబారి, పోగు పోగుగా తెగుతుంది. ఈ కార్లను ఎరిగినవారు మొదట చూచే చోట్లలో ఇది ఒకటి.

బ్యాటరీని తొలగించి, తొడుగును నిలువుగా చీల్చారు. సెన్సర్ ఎర్త్ తీగ ఒకచోట ఆకుపచ్చని పొడిగా మారి ఉన్నది. రెండు మూడు పోగులు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఎండిన నాడు అవి పని జరుపుతాయి. వాన తేమ చేరినా, చక్రం గుంటలో పడి కట్ట ఊగినా దారి ఇరుకవుతుంది. మొదటి గ్యారేజీవారు థ్రాటిల్ మార్చేటప్పుడు కట్ట కాస్త అటుఇటు జరిగి, ఆ పోగులు మళ్ళీ గట్టిగా ఆనుకున్నాయి. కొత్త భాగం రెండు వారాలు మంచిపేరు సంపాదించుకున్న రహస్యం అదే.

ఎర్రగా మెరిసే రాగి కనిపించేవరకు చెడిన తీగను కోసివేసి, జానెడు కొత్త తీగను టంకంతో అతికి, తేమ చేరకుండా తొడుగు బిగించారు. వంట సోడా కలిపిన నీళ్ళతో చుట్టుప్రక్కల ఆమ్లాన్ని చల్లార్చి తుడిచారు. బ్యాటరీని మార్చారు. అప్పుడు మాత్రమే సంఖ్యలను చెరిపివేశారు. తరువాత కారును గతుకుల రోడ్డు మీద నడిపి, నీళ్ళు చిలకరించి, కట్టను తిరిగి కదిపి, మొత్తం అయిదు దగ్గరనే నిలిచి ఉన్నదా లేదా అని చూశారు. లోపం వచ్చిన పరిస్థితులలోనే లోపం రాకపోతేనే పని పూర్తి అయినట్లు.

మరునాడు యజమాని పాత థ్రాటిల్‌ను సంచిలో పెట్టుకొని వచ్చాడు. వృద్ధుడు దానిని బల్ల మీద ఉంచి, 5 వోల్టులు ఇచ్చి, పలకను వేలితో మెల్లగా త్రిప్పుతూ కొలిచాడు. గీత దారం లాగినట్లు సాఫీగా వచ్చింది. అది మొదటినుండి నిజమే చెబుతూ వచ్చింది.

సెన్సర్లు ఎప్పుడూ చెడిపోవని దీని భావం కాదు. బాటలు అరుగుతాయి, నాలుకలు వదులవుతాయి. కొలతలో దోషం సెన్సర్ దగ్గరే తేలితే దానిని మార్చడమే సరియైన పని. అరుగుదల లేకుండా అయస్కాంత బలంతో పనిచేసే సెన్సర్లు తరువాత వచ్చాయి. అవి ఒరుసుకోవు గాని, వాటికి కూడా విద్యుత్తు తెచ్చే తీగ, తీసుకుపోయే తీగ, కనెక్టర్ తప్పవు.

ఇదంతా సముద్రాల ఆవల ధనికుల వేడుక కారుకు చెందిన కథ అని పాఠకులు అనుకోనక్కరలేదు. తీగలేని థ్రాటిల్ మన దేశంలోని సామాన్యమైన పెట్రోలు కార్లలోకి ఏనాడో వచ్చివేసింది. 2017లో వచ్చిన కె.టి.ఎం. 390 డ్యూక్ వంటి మోటారు సైకిళ్ళకు కూడా అది ప్రాకింది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 నియమాలు అమలులోకి వచ్చిన తరువాత వాహనాలలో కంప్యూటర్ పెత్తనం ఇంకా పెరిగింది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, ఢిల్లీ కాశ్మీరీ గేటు వీధులలోనైనా సెన్సర్ అన్న మాట ఈనాడు స్పార్క్ ప్లగ్గు అన్నంత మామూలైంది.

మన దగ్గర ఆ ఆమ్లపు బొట్టు చేసే పనిని వేరేవి చేస్తాయి. రాత్రిపూట వెచ్చదనానికి ఇంజను దగ్గర చేరి తీగలు కొరికే ఎలుకలు, వరదనీటిలో మునిగిన కనెక్టర్లు, అదనపు హారనుకో లైటుకో కరెంటు కావాలని తీగల కట్టను కోసి అతికిన అతుకులు, ఇవన్నీ నేరం చేసి సెన్సర్ మీదికి నెట్టగలవు. దీపం వెలగగానే ‘సెన్సర్ మార్చాలి’ అన్న మాట వినిపిస్తే, యజమాని ఒక్క ప్రశ్న అడగవచ్చును: ‘ఎర్త్ కొలిచారా?’ తొట్రుపడని జవాబు వస్తే కారును నమ్మకంగా అప్పగించవచ్చును. జవాబు రాకపోతే, కొలిచే చేతిని వెదకడం మంచిది. దారి నడుమ హెచ్చరిక వెలిగినప్పుడు మాత్రం పెడల్‌ను పదేపదే త్రొక్కడం, లారీని దాటే ప్రయత్నం కొనసాగించడం కూడదు. సైగ దీపాలు వేసి, మెల్లగా ఎడమ అంచుకు చేరడమే ఆ కంప్యూటర్ మనిషినుండి కోరేది.

ఆ ఎర్ర కార్వెట్ యజమాని వారం రోజులు ఒంటరిగానే కారు నడిపాడు. రెండుసార్లు వాన కురిసింది. ఆదివారం నాడు భార్య పక్కన కూర్చున్నది. అదే రహదారి, ముందు మరొక పొడవాటి లారీ. అతడు అద్దంలో వెనుకకు చూచుకొని, ప్రక్క వరుసలోకి మళ్ళి, కాలు మోపాడు.

ఇంజను పలికింది. లారీ వెనుకబడిపోయింది.